తూకానికి రానిది

లుగన్‌విల్ రేవులో ముప్పై ఒక్కేళ్ళు
కాటా పక్కన నిలబడ్డవాణ్ణి.
కురిడీ బస్తా భుజానికెత్తకముందే
బరువెంతో నా మోకాలు చెప్పేది.
కావా వేళ్ళు, కోకో గింజలు, మాంసం పెట్టెలు,
ఓడెక్కేదేదైనా
ముందు నా ముల్లుకు తలవంచాలి.

లెయ్‌మారా నా చెల్లెలి కూతురు.
తుపానుకు లేచిపోని కప్పులు గీస్తుంది.
మా ఇంటి రేకులు ఎగిరి
పక్క ఊరి చర్చి ముంగిట వాలిన ఏడు
పుట్టిన పంతం అది.
లే నగరంలో అయిదేళ్ళు చదివి, ఇక్కడ పట్టా పుచ్చుకుంది.

ఆమె గీసిన మొదటి బడి హోనియారాలో లేచింది.
కింద సంతకం మాత్రం బ్రిస్బేన్ పెద్దమనిషిది.
ఆయన ఆ నేల తొక్కలేదు,
గాలి ఎటునుంచి కొడుతుందో అడగలేదు.
సంతకానికి డెబ్బై, గీతకు ముప్పై.
"వండేది నేను, విస్తరి ఆయనకు" అని నవ్వేది.
ఏం చేస్తుంది?
అక్కడి రిజిస్టరులో
మా దీవి పట్టాకు గడే లేదు.

అప్పుడు తెలిసింది నాకు.
కురిడీకి సుంకం ఉంది,
అంటే దారి ఉన్నట్టే.
తలలో ఉన్నదానికి సుంకమూ లేదు, దారీ లేదు.

దీవులన్నీ కలిసి ఒప్పందం రాసుకుంటామన్నప్పుడు
మా తరఫున ఒక్కడే వెళ్ళాడు, విల్లీ నలావ్.
అవతలి బల్ల దగ్గర పద్నాలుగు మంది,
వంతులేసుకుని కూర్చునేవారు, వంతులేసుకుని నిద్రపోయేవారు.
ఇతనికి అదే చొక్కా, అదే ఫ్లాస్కు.
చేపల మీద మూడు రోజులు, చక్కెర మీద రెండు.
సేవల వంతు వచ్చేసరికి
అర్ధరాత్రి దాటింది, ఏసీ కూడా ఆపేశారు.
ఏడో అనుబంధం, పదకొండో పేజీ:
ఒక దీవి ఇచ్చిన పట్టాను
మరో దీవి చెల్లినట్టు ఎంచవచ్చు.
ఆ "ఎంచవచ్చు" కొట్టేసి
"ఎంచాలి" అని రాయించడానికి నాలుగు గంటలు.
తెల్లవారేదాకా మా దేశమంతా
ఒక క్రియాపదం చివర వేలాడింది.

పండగేమీ జరగలేదు.
రెండేళ్ళు కాగితం కాగితాన్ని అడుగుతూ పోయింది.
కమిటీ కూర్చోలేదన్నారు, రుసుము తేలలేదన్నారు,
స్టాంపు మారిందన్నారు.
ఒక వాన మధ్యాహ్నం
హోనియారా నుంచి నంబరు వచ్చింది. ఆరంకెలు.
చెల్లెలు దాన్ని బియ్యం డబ్బా మూత మీద రాసుకుంది,
పోతుందేమోనని.

తొలిసారి సొంత పేరుతో గీసింది ప్రసూతి ఆసుపత్రి.
"ఏ ఓడకు పంపుతున్నావ్?" అన్నాను.
"వెళ్ళిపోయింది మామయ్యా,
నువ్వు టీ ఊదుకునే లోపే."
నాకు మనసొప్పలేదు.
అచ్చు తీయించి వంటింటి తక్కెడలో పెట్టాను.
రెండు వందల పన్నెండు గ్రాములు.
అది కాగితం బరువని నాకూ తెలుసు.

ఇంకో మాట దాచను.
తలుపు తెరిస్తే గాలి ఒకవైపే వీయదు.
అదే పేజీ పట్టుకుని సువా కంపెనీ ఒకటి
మా వీధిలో బోర్డు కట్టింది.
నలభై ఏళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీసిన ముసలి కల్మేలిప్
ఆ నెలాఖరుకే షట్టర్ దించాడు.
బజారులో ఎదురైతే
వాన సంగతి మాట్లాడి తప్పుకుంటాను.

మొన్న, తుపాను హోనియారా వైపు మళ్ళిందని
రేడియో చెప్పిన రాత్రి,
లెయ్‌మారా వాకిట్లోనే కూర్చుంది,
ఫోను ఒళ్ళో పెట్టుకుని, మూడింటిదాకా.
ఇక్కడ ఆకు కూడా కదలడం లేదు.
"పడుకోవే, ఆ కప్పు గట్టిదేగా" అన్నాను.
"గట్టిదే.
బడి కట్టినప్పుడు ఇలాగే గాలొస్తే హాయిగా నిద్రపోయాను.
ఈసారి కింద నా పేరుంది."

ఏమీ ఎత్తలేదు నేను.
అయినా మోకాలు కలుక్కుమంది,
పాత అలవాటు.